కుర్చీకి కట్టిన ఎర్ర ట్యాగు

ఆటో స్టేషన్ ముందు ఆగేసరికి ఇద్దరు కూలీలు నా కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉన్నారు. నాకు గుండె ఆగినంత పనైంది.

ఇందులో అంత షాకు ఏముందని అడిగేవాళ్లు ఎప్పుడూ చక్రాల కుర్చీలో కూర్చుని, రైలెక్కించడానికి మనుషులు కావాలని ముందుగా ఫోన్ చేసి చెప్పుకున్నవాళ్లు కారు. "మీ అభ్యర్థన నమోదైంది" అని మెసేజ్ వచ్చిన దగ్గర్నుంచీ, వాళ్లు రారన్న గట్టి నమ్మకంతోనే నేను బతికాను. రాకపోతే ఎవరికి ఫిర్యాదు రాయాలో, ఏ వాక్యం దగ్గర గొంతు పెంచాలో, ఎక్కడ తగ్గించాలో కూడా తయారు చేసుకున్నాను. చాలా బాగా కుదిరింది ఆ ఫిర్యాదు. తీరా చూస్తే వాళ్లు నాకంటే ముందే వచ్చి, టీ కూడా తాగేసి, కప్పులు చెత్తబుట్టలో వేసి మరీ నిలబడ్డారు. కష్టపడి రాసుకున్నదంతా వృథా.

పైగా వాళ్లలో పెద్దాయన నా దగ్గరికొచ్చి అడిగిన మొదటి మాట ఇది: "అమ్మా, నిన్ను ఎట్ల లేపాలె? చంకల కింద పట్టాల్నా, కుర్చీతోనే లేపాల్నా?"

ఇరవై మూడేళ్లుగా నన్ను జనం ఎత్తుతూనే ఉన్నారు. బస్సుల్లోకి, గుళ్లలోకి, పెళ్లి మండపాల మీదికి. పెళ్లిళ్లలో నేను ఎక్కనంటే కూడా ఎక్కించారు. ఎలా ఎత్తాలని నన్నే అడిగిన మనిషి మాత్రం అప్పటిదాకా తగల్లేదు.

ఈ ప్రయాణం వెనక మా నాన్నకూ నాకూ మధ్య ఒక ఒప్పందం ఉంది. అది చెప్పకపోతే తర్వాత జరిగినదానికి అర్థం ఉండదు.

మాది రాయచూరు జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న పవర్ ప్లాంట్ కాలనీ. నాన్నది విజయవాడ దగ్గర పల్లెటూరు. ప్లాంటులో ఉద్యోగం వచ్చి ఇక్కడికొచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. కాళ్లెందుకు పనిచెయ్యవన్నది ఇక్కడ విషయం కాదు, పనిచెయ్యవు, అంతే. హైదరాబాదులో నాకో ఉద్యోగం వచ్చింది. చేరే ముందు ఒకసారి వచ్చి సర్టిఫికెట్లు చూపించి, చేరతానో లేదో అక్కడికక్కడే చెప్పాలన్నారు. ఉత్తరం చదివాక ఇంట్లో అమ్మ ఏడ్చింది, సంతోషంతోనే. నాన్న ఏడవలేదు. టేపు తెచ్చి నా కుర్చీ వెడల్పు కొలిచాడు. రైలు తలుపు వెడల్పు ఎంతుంటుందని అడిగాడు. నాకు తెలీదన్నాను.

"తెలీకుండా ఎలా వెళ్తావు?"

"నాన్నా, తలుపు వెడల్పు తెలిసి ఎవరూ రైలెక్కరు."

"ఎవరూ సంగతి నాకెందుకు? నువ్వెలా ఎక్కుతావు?"

ఒక వారం ఇలాగే గడిచాక ఆయన తీర్పు చెప్పాడు. "ఒక్కసారి ఒక్కదానివే వెళ్లి రా. నేను రాను, అమ్మ రాదు. రైల్వేవాళ్లు మనుషుల్ని పంపుతామన్నారుగా, వాళ్లే ఎక్కించి, వాళ్లే దించి, మళ్లీ తీసుకురావాలి. ఏ తేడా లేకుండా వచ్చావంటే ఉద్యోగంలో చేరు. ఎక్కడైనా తేడా వచ్చిందో, ఇక్కడే ఏదో ఒకటి చూసుకుందాం."

'ఏదో ఒకటి' అంటే ఏమిటో నాకు తెలుసు. కాలనీ స్కూల్లో ఆఫీసు కుర్చీ. అంటే ఒక కుర్చీలోంచి ఇంకో కుర్చీలోకి. జీవితాంతం.

నేను సరేనన్నాను. అంత తొందరగా ఒప్పుకున్నందుకు నాన్న కొంచెం బెదిరాడనుకుంటాను.

ఇక ట్యాగుల సంగతి. ప్లాంటులో ఏ యంత్రమైనా రిపేరు చెయ్యాలంటే ముందు దాన్ని ఆపి, స్విచ్చికి ఎర్ర కార్డు ఒకటి రాగి తీగతో కడతారు. 'ముట్టవద్దు, మనుషులు పనిచేస్తున్నారు' అని కన్నడలో, ఇంగ్లీషులో రాసి ఉంటుంది. పక్కన పుర్రె బొమ్మ. కింద కట్టినవాడి పేరు, సంతకం. చట్టం ఒక్కటే: కట్టినవాడే విప్పాలి. అధికారి వచ్చినా, అధికారికి అధికారి వచ్చినా, ఆ యంత్రం వల్ల ఊరంతా చీకటైనా, ఇంకొకడు విప్పడానికి లేదు. ఎందుకంటే లోపలెక్కడో ఒక మనిషి ఉండొచ్చు.

మంచి చట్టమే. చిక్కల్లా నాన్న దాన్ని ఇంటికి తేవడంతోనే వచ్చింది. చిరిగి పక్కన పడేసిన ట్యాగులు కొన్ని మా వంటింటి సొరుగులో ఉండేవి. మిక్సీ పాడైతే ట్యాగు. గీజరు కాయిలు మారుస్తుంటే ట్యాగు. ఆవకాయ జాడీకి కూడా, మూడో రోజు కలిపేదాకా. అమ్మ ఒకసారి విసిగిపోయి, "ఈ ఇంట్లో ట్యాగు లేనిది నా నోటికొక్కదానికే. అదీ కట్టండి, ఓ పనైపోతుంది" అంది. నాన్న సీరియస్‌గా, "నడుస్తున్న మిషనుకి కట్టకూడదు" అన్నాడు.

నాకు పదేళ్లప్పుడు పెద్ద క్రికెట్ మ్యాచి ఉన్న సాయంత్రం నేను టీవీ స్విచ్చికి ట్యాగు కట్టి, నా పేరు రాసి, ట్యూషనుకు పోయాను. తిరిగొచ్చేసరికి టీవీ ముందు నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. టీవీ ఆన్ చెయ్యలేదు. పక్క క్వార్టర్స్ కిటికీలోంచి వచ్చే కామెంటరీ వింటున్నాడు. "విప్పుతావా?" అని అడిగాడు. నాకు నవ్వు రాలేదు, నిజంగా భయమేసింది. తమాషాకు చేసిన పనికి ఓ మనిషి ఇలా కట్టుబడిపోతాడని నాకు తెలీదు. అప్పటికి ఆఖరి ఓవరు అయిపోయింది.

కాలనీలో నాన్నకున్న పేరంతా అదే. సర్వీసు మొత్తంలో ట్యాగు కట్టి మర్చిపోలేదు, ఇంకొకరిది ముట్టుకోలేదు.

ప్రయాణం ముందు రోజు సాయంత్రం నాన్న నా కుర్చీని వరండాలో తిరగేశాడు. ఎడమ చక్రం కొంచెం ఊగుతోందని ఆయన అనుమానం. బేరింగు మార్చాడు, గ్రీజు పెట్టాడు. మర్నాడు ఆయనకు మొదటి షిఫ్టు; నేను లేచేలోపే వెళ్లిపోయాడు. అమ్మ నన్ను ఆటో ఎక్కించింది. మా కాలనీ ఆటో డ్రైవరు కుర్చీ మడిచి వెనక పెట్టుకుని, దారంతా తన మరదలి పెళ్లి గురించి చెప్పి, స్టేషన్ ముందు నన్ను కుర్చీలో దింపి వెళ్లిపోయాడు. అక్కడికి ఈ కథ మొదలైన చోటుకి వచ్చాం.

పెద్దాయనతో, "కుర్చీతోనే ఎత్తండి" అన్నాను. మా రైలు అవతలి ప్లాట్‌ఫారం మీదికొస్తుంది. ఇటు చివరిదాకా వెళ్లి, సామాన్ల బండ్లు దాటే దారిలో పట్టాలు దాటి, అటు చివర దివ్యాంగుల బోగీ ఆగే చోటికి రావాలి. రైలు ముందు స్టేషన్ వదిలిందని అప్పుడే అనౌన్స్ చేశారు. టైముంది, కానీ కబుర్లు చెప్పుకునేంత లేదు.

పెద్దాయన ఎక్కడ పట్టుకోవాలో చూద్దామని వంగి నా సీటు కింద చెయ్యి పెట్టాడు. పెట్టినవాడు పాము కనిపించినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"అమ్మా, గీడ ట్యాగ్ ఉంది."

నాకు అర్థం కాలేదు. "ఏ ట్యాగు?"

"డేంజర్ ట్యాగ్. సీటు కింద రాడుకు గట్టిన్రు. పేరు గూడ ఉంది." ఆయన పేరు చదివాడు. అది మా నాన్న పేరు.

రాత్రి గ్రీజు పట్టేదాకా ఎవరూ కదపకూడదని కట్టి ఉంటాడు. పొద్దున విప్పడం మర్చిపోయాడు. మా నాన్న. ట్యాగు మర్చిపోయాడు. కాలనీ మీద రోజూ వాలే ప్లాంటు బొగ్గు బూడిద ఒకరోజు తెల్లగా, మల్లెపూల వాసనతో వాలిందని చెప్పినా ఇంత ఆశ్చర్యపోయేదాన్ని కాదు.

తేరుకుని నవ్వేశాను. "అది మా నాన్నది. తీసి పారెయ్యండి."

పెద్దాయన లేచి నిలబడి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నేనెట్ల తీస్త? గట్టినాయనే ఇప్పాలె."

"ఇది కుర్చీ అండీ. బాయిలర్ కాదు."

"ఏదైతేంది? ట్యాగ్ ట్యాగే గదా."

రెండో కూలీ ఊళ్లో మనిషి, ప్లాంటు ముఖం చూడనివాడు. అతను నవ్వుతూ, "అరె చాచా, అట్టముక్క అది. హటావ్, బండి వస్తున్నది" అని వంగి తీగ పట్టుకోబోయాడు. పెద్దాయన అతని చేతి మీద ఫట్మని కొట్టాడు. ఆ చప్పుడుకి టీ కొట్టు దగ్గరున్నవాళ్లు కూడా ఇటు తిరిగారు.

"సరే, నేనే తిప్పుకుంటూ పోతాను, మీరు వెనక రండి" అని చక్రాల మీద చేతులు వేశాను. ఆయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"బ్యాడ బిడ్డా. తిప్పకు."

ఆ గొంతులో మొండితనం ఉంటే నేను నాలుగు మాటలు అనేదాన్నే. ఉన్నది భయం. నిజమైన భయం, నా చక్రాలకేసి చూస్తూ. నన్ను చూసి జాలిపడ్డవాళ్లు, దండం పెట్టినవాళ్లు, ఒకసారి చేతిలో చిల్లర పెట్టినవాళ్లు కూడా ఉన్నారు గానీ, నా కుర్చీని చూసి భయపడ్డ మనిషి ఆయనే.

"ప్లాంట్ల కాంట్రాక్టు కింద బొగ్గు దగ్గర పనిజేసిన నేను," అన్నాడు. "గంతకు ముందు మహారాష్ట్రల, ఇంకో ప్లాంట్ల. గాడ నా జోడీగాడు బొగ్గు పోయే బెల్టు మీదికెక్కి రాళ్లు ఏరుతుండె. ట్యాగ్ గట్టే ఎక్కిండు. ఇంకొకడు వచ్చి, ఎవడిదో పాతదనుకొని పీకి, స్విచ్ ఏసిండు."

అంతే చెప్పాడు. రెండో కూలీ నవ్వు ఆపేశాడు. నా దగ్గర ఏ సందర్భానికైనా ఒక జోకు ఉంటుందని నాకు పేరు. ఆ క్షణాన సంచీ మొత్తం వెతికినా ఒక్కటి దొరకలేదు.

మైకులో మా రైలు నంబరు మళ్లీ చదివారు.

అప్పుడు నాకు తెలిసొచ్చింది, ఇది నవ్వులాట కాదని. ఈ రైలు పోతే ఆ ఆఫీసులో నా కోసం ఆగరు. ఆగినా నాన్న ఆగడు. 'తేడా వచ్చింది' అంటాడు. వచ్చింది కూడా. నేను కాలనీ స్కూలు ఆఫీసులో కూర్చుని, హాజరు పట్టీల మీద గీతలు గీస్తూ, ఓ అట్టముక్క వల్ల ఇక్కడ ఉండిపోయానని వచ్చిన ప్రతివాడికీ చెప్తాను. వాళ్లు నవ్వుతారు. చాలా బాగా చెప్తాను కాబట్టి మళ్లీ మళ్లీ చెప్పమంటారు.

ఫోన్ తీశాను. డ్యూటీలో నాన్న సెల్‌ఫోన్ లాకర్లో ఉంటుంది. కంట్రోల్ రూమ్ ల్యాండ్‌లైన్ నంబరు కాలనీ పిల్లలందరికీ నోటికొచ్చు. ఎక్కాలకంటే ముందు అది నేర్పుతారు. ఎవరో ఎత్తారు. నాన్నను పిలవమన్నాను. ఆయన పరుగెత్తుకొచ్చినట్టు ఊపిరి వినబడింది.

"ఏమైందమ్మా? రాలేదా వాళ్లు?"

ఆ గొంతులో కంగారు ఉంది. కంగారు కింద ఇంకోటి ఉంది. దాన్ని గుర్తుపట్టడానికి నాకు ఒక క్షణం పట్టింది. ఆశ. వాళ్లు రాకపోతే బావుండునన్న ఆశ. నన్ను రైలు కింద తోసినా అంత దెబ్బ తగిలేది కాదు. రైలు ఇంకా రాలేదు, అది వేరే సంగతి.

"వచ్చారు," అన్నాను. "నాకంటే ముందే వచ్చారు. కుర్చీకి ట్యాగు ఉంది నాన్నా."

"ఏ ట్యాగు?"

"నీదే."

కంట్రోల్ రూమ్‌లో ఎప్పుడూ మోగే హమ్ము మీదుగా నాన్న గొంతు చిన్నగా వచ్చింది.

"విప్పలేదా నేను?" అన్నాడు. నన్ను కాదు అడిగింది.

పెద్దాయన చెయ్యి చాచాడు. ఫోన్ స్పీకర్లో పెట్టి ఇచ్చాను. ఆయన దాన్ని నోటికి దగ్గరగా, ప్లాంటులో మాట్లాడేవాళ్లలాగే గట్టిగా పట్టుకున్నాడు.

"సార్ నమస్తే. స్టేషన్ కూలీని మాట్లాడుతున్న. ముందుగాల మీ ప్లాంట్లనే బొగ్గు దగ్గర ఉంటిని. మీ ట్యాగ్ కుర్చీకి ఉంది సార్. మీ పేరుంది, సంతకం ఉంది. ఏం జెయ్యమంటరు?"

నాన్న గొంతు మారిపోయింది. ఇంట్లో నాకు తెలిసిన గొంతు కాదు. "పని పూర్తయింది. రాత్రే పూర్తయింది. తీసెయ్యండి" అన్నాడు.

"మనుషులందరు బయటికొచ్చిన్రా సార్?"

ఇది అడగాల్సిన ప్రశ్నేనట. ట్యాగు విప్పే ముందు తప్పకుండా అడుగుతారట. నేను కళ్లు మూసుకున్నాను, ఎందుకంటే తర్వాతేం వస్తుందో నాకు అర్థమైపోయింది. వీళ్లిద్దరూ ఒకే బడిలో చదివారు.

"మీరే చూసి చెప్పండి," అన్నాడు నాన్న.

పెద్దాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఒక మనిషి ఉంది సార్. మీదనే కూసుంది."

"మనిషి మీదుండగా ఎలా తీస్తారు?"

"అదే సార్ నేను గూడ అంటున్న."

"నాన్నా!" అని అరిచాను. "నేనే ఆ మనిషిని! నీ కూతుర్ని!"

"ఒక్క నిమిషం దిగమ్మా," అన్నాడు నాన్న, జన్మలో మొదటిసారి నాతో ఆ మాట అంటూ.

రెండో కూలీ తల పట్టుకున్నాడు. "అల్లా, వీళ్లిద్దరు కలిసి బండి తప్పిస్తరు."

కానీ నన్ను ఎత్తడానికి అతనే ముందుకొచ్చాడు. "చంకల కింద, మోకాళ్ల కింద. తొందరపడొద్దు" అన్నాను. ఫోన్ బెంచీ మీద పెట్టి, ఇద్దరూ ఒకేసారి ఎత్తారు. ఒక కుదుపు లేదు. పక్కనున్న సిమెంటు బెంచీ మీద, పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి పక్కన పెట్టారు. ఆయన పేపరు దించి నన్నూ, ఖాళీ కుర్చీనీ, కుర్చీ గురించి మాట్లాడుతున్న ఫోన్నీ చూసి, ఇంకాస్త అటు జరిగాడు.

"ఎత్తారా?" ఫోన్లో నాన్న. "జాగ్రత్తగా ఎత్తారా? నడుం దగ్గర పట్టుకున్నారా?"

"ఎత్తినం సార్. బెంచీ మీద ఉంది. మంచిగుంది."

"నొప్పేమన్నా ఉందేమో అడగండి."

"లేదు," అని బెంచీ మీంచి అరిచాను. "సిగ్గొక్కటే ఉంది!"

"కుర్చీ ఖాళీయేనా?"

"ఖాళీ సార్."

"నా పేరు మీదున్న ట్యాగు తీయండి."

"తీస్తున్న సార్." పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని, తీగను ఓపిగ్గా మెలికలు విప్పి, ట్యాగు బయటికి తీసి, ఒకసారి కుర్చీ చుట్టూ తిరిగొచ్చాడు. "తీసిన సార్. ఇంకేం లేదు."

"సరే," అన్నాడు నాన్న. తర్వాత, వేరే గొంతుతో, మా ఇంటి గొంతుతో, "వెళ్లమ్మా" అన్నాడు.

దూరంగా రైలు కూత వినబడింది.

ఆ తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పలేను. నన్ను కుర్చీలో పెట్టిన గుర్తుంది. అందాకా కుర్చీని కదపనివ్వని పెద్దాయన దాన్ని ప్లాట్‌ఫారం పొడవునా పరుగెత్తించాడు. నా కిందున్న కొత్త బేరింగు మీద కుర్చీ నీళ్ల మీద పోయినట్టు పోయింది. నాన్న పని బాగా చేస్తాడు, అది ఒప్పుకోవాలి. పట్టాల మధ్య చెక్కల మీద దడదడమని పళ్లు కొట్టుకున్నాయి. మేం అటు చేరేసరికి రైలు లోపలికొస్తోంది. దివ్యాంగుల బోగీ సరిగ్గా చెప్పిన చోటే ఆగింది. మళ్లీ షాకు. ఈ లెక్కన ఆ రోజంతా ఫిర్యాదుకి పనికొచ్చేది ఒక్కటీ జరగట్లేదు, మా ఇంటి నుంచి వచ్చింది తప్ప.

కుర్చీతోసహా ఎత్తి లోపల పెట్టారు. తలుపు వెడల్పు సరిపోయింది. బోగీ నిండా జనం ఉన్నారు. నన్ను చూడగానే లేచి, గబగబా నడిచి, దారిచ్చారు. వాళ్లెవరికీ నడవడంలో ఏ ఇబ్బందీ లేదని అలా బయటపడింది. పెద్దాయన బ్రేకులు వేశాడో లేదో చూసి, ట్యాగు తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"అది నాకివ్వండి," అన్నాను.

"నీకెట్లిస్త? గట్టినాయనకే ఇయ్యాలె" అని దిగిపోయాడు.

రైలు కదిలింది. కృష్ణ వంతెన మీదికొచ్చాక ఎదురుగా కూర్చున్న ముసలమ్మ అడిగింది. "ఒక్కదానివే వచ్చినవా బిడ్డా? ఇంట్ల ఎవరు లేరా?"

"ఉన్నారు," అన్నాను. "అందుకే ఒక్కదాన్నే వచ్చాను."

ఆమె జాలిగా తలూపి నాకో అరటిపండు ఇచ్చింది. తిన్నాను. చెవిలో నాన్న గొంతే ఉంది. 'రాలేదా వాళ్లు?' అన్న గొంతు. ఇన్నేళ్లూ ఆయన నా కోసం భయపడుతున్నాడనే అనుకున్నాను. నేను వెళ్లిపోగలనేమోనని కూడా భయపడుతున్నాడని ఆ రోజుదాకా తట్టలేదు.

హైదరాబాదులో ఏమీ జరగలేదు. అక్కడా మనుషులు వచ్చి దించారు. ఆఫీసులో ర్యాంపు ఉంది, దాని మీద ఎవరూ బైకు పెట్టలేదు. చేరతారా అని అడిగారు. 'తేడా' సంగతి తేలకుండానే "చేరతాను" అనేశాను. అన్నాక నాకే ఆశ్చర్యం వేసింది. పిన్ని ఇంట్లో ఒక రాత్రి ఉండి మర్నాడు బయల్దేరాను. పిన్ని ఇంట్లో ఉన్న ఆ రాత్రే అమ్మ ఫోన్ చేసింది.

"మీ నాన్న షిఫ్టు నుంచి వచ్చినప్పటి నుంచీ వంటింటి సొరుగు ముందేసుకుని కూర్చున్నారే. ట్యాగులన్నీ బయటికి తీసి లెక్కపెడుతున్నారు. అన్నం తినమంటే వినరు."

"పొద్దున వెళ్లేటప్పుడు ఎలా ఉన్నాడమ్మా?"

"ఎలా ఉంటారు? బూట్లేసుకుని నీ గది గుమ్మం దగ్గర నిలబడ్డారు. నువ్వు నిద్రపోతున్నావు. కుర్చీ పక్కనే ఉంది. షిఫ్టు బస్సు హారన్ కొడుతుంటే కూడా కదల్లేదు. నేనే వెళ్లి కదిపాను."

అమ్మే మాట మార్చి, "చింతకాయ పచ్చడి పిన్నికిచ్చావా?" అంది.

తిరిగొచ్చేసరికి సాయంత్రం. బోగీ తలుపు దగ్గర అదే ఇద్దరు కూలీలు. ఎలా ఎత్తాలని ఈసారి అడగలేదు, వాళ్లకు తెలుసు. నన్ను దించాక చూస్తే కాస్త దూరంలో స్తంభం పక్కన నాన్న నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో ఉన్నాయి. దగ్గరికి రాలేదు. పరీక్ష పూర్తయ్యేదాకా ముట్టుకోకూడదని తనకు తనే పెట్టుకున్న రూలు కాబోలు. కూలీలు నన్ను పట్టాలు దాటించి, ఇటు తెచ్చి, స్టేషన్ బయట ఆపేదాకా మా వెనకే, ఓ పది అడుగుల దూరంలో నడిచాడు. దారిన పోయేవాళ్లు చూస్తే నన్ను ఎవరో అనుమానాస్పదంగా వెంబడిస్తున్నారనుకుంటారు.

బయటికొచ్చాక పెద్దాయన వెనక్కి తిరిగాడు. ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు, అయినా పరిచయాలు అక్కర్లేకపోయాయి. పెద్దాయన జేబులోంచి ట్యాగు తీసి రెండు చేతులతో అందించాడు. "మీది సార్."

నాన్న తీసుకున్నాడు. తన సంతకం చూసుకున్నాడు. ఆయన చెవుల దాకా ఎర్రబడడం నేను అంతకుముందు చూడలేదు.

"ఎవరైనా ఇలా మర్చిపోతే నేను వాళ్లను డ్యూటీ నుంచి దింపేసేవాణ్ని," అన్నాడు.

"ఐతది సార్. బిడ్డ ఒక్కతే పోతున్నదంటే ఎవరికైనా ఐతది," అన్నాడు పెద్దాయన.

వాళ్లు వెళ్లిపోయారు. ఆటో కోసం ఎదురుచూస్తూ మేమిద్దరమే మిగిలాం. మా మధ్య ఒప్పందం ఉంది. ఇద్దరికీ తెలుసు. ఆ మాట ముందు ఎవరు ఎత్తుతారా అన్నదే మిగిలింది.

"తేడా వచ్చింది," అన్నాడు నాన్న చివరికి.

"వచ్చింది," అన్నాను.

"వాళ్లవైపు నుంచి కాదు."

"కాదు."

నాన్న ట్యాగును మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆటో వచ్చింది. డ్రైవరు కుర్చీ మడవబోతుంటే నాన్న ఆపి, తనే మడిచాడు. లోపల నా పక్కన కూర్చున్నాడు. ప్లాంటు చిమ్నీలు కనబడ్డాక అడిగాడు:

"అక్కడ నువ్వుండబోయే హాస్టలు బాత్రూం తలుపు వెడల్పెంత?"

"తెలీదు నాన్నా."

"ఫోన్ చేసి కనుక్కో. రేపే."

నేను కిటికీ బయటికి చూశాను. అప్పుడు నవ్వితే ఆయన మాట మార్చేసుకుంటాడేమోనని భయం.

ఉద్యోగంలో చేరడానికి వెళ్లిన రోజు నాన్న స్టేషనుకు వచ్చాడు. పరీక్షలేమీ లేవు కదా, రావచ్చు. ఆ పెద్దాయనే వచ్చాడు. నమస్కారాలయ్యాక నా కుర్చీ దగ్గరికొచ్చి, ఏమీ అనకుండా, మోకాళ్ల మీద కూర్చుని సీటు కింద చూశాడు. చక్రాల వెనక చూశాడు. హ్యాండిళ్ల దగ్గర చూశాడు. తర్వాత తలెత్తి నాన్నకేసి చూశాడు.

నాన్న జేబుల్లోంచి రెండు చేతులూ తీసి, వేళ్లు విప్పి, ఖాళీగా చూపించాడు.

"ఏం లేదు," అన్నాడు. "తీసుకెళ్లండి."